గజనీ దండయాత్ర

తెలుగులో ఎవరైనా ఒకే పని పట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తుంటే గజనీ దండయాత్ర అంటాం. పదో తరగతి లెక్కల్లో తప్పి మూడోసారి ఫీజు కట్టినవాడు గజనీ. పదిచోట్ల పెళ్లిచూపులు చూసినా సంబంధం కుదరనివాడు గజనీ. వార్డు మెంబరుగా ఓడి మళ్లీ నామినేషన్ వేసినవాడూ గజనీయే. ఆ మాటలో వెక్కిరింత ఎంతుందో మెచ్చుకోలూ అంతే ఉంది. వీడు వదలడురా, ఎప్పటికైనా కొడతాడు అన్న ఒప్పుకోలు అందులో ఉంది.

కనిగిరిలో మేం చదువుకునే రోజుల్లో ఈ బిరుదు చాలామందికి ఉండేది. రెడ్ల పిల్లాడికీ, కోమట్ల పిల్లాడికీ, మాలపల్లె పిల్లాడికీ. వాళ్లకది ఒక పూట తొడుక్కుని విప్పేసే చొక్కా. అదే బిరుదు సాయిబుల పిల్లాడి మీద పడితే సంగతి వేరు. "ఏరా గజనీ, ఇది ఎన్నోసారి?" అని ఒక మాస్టారు అడిగితే క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. పక్కవాడి నవ్వూ మా నవ్వూ ఒకటి కాదని తెలియడానికి ఇంటికి నడిచేంత సేపు పట్టింది. పక్కవాడిని గజనీ అంటే పోలిక. మమ్మల్ని గజనీ అంటే చుట్టరికం.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక ఈ బలవంతపు చుట్టరికాల గురించి తెలుగులో గట్టిగానే మాట్లాడుకున్నారు. ఆ చర్చంతా మళ్లీ ఎత్తుకోవడం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న చిన్నది, ఆ బిరుదులోనే ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నిస్తే కాని పని అవుతుంది? అన్నిసార్లకూ అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ముందు గజనీ సంగతి తేల్చుకుందాం. పదహారుసార్లు ఓడి పదిహేడోసారి గెలిచాడని మన ఊళ్లలో చెప్పుకుంటారు. తప్పు. మహమూద్ 998 నుంచి 1030 దాకా గజనీని ఏలాడు. 1000కీ 1027కీ మధ్య హిందుస్థానం మీదికి పదిహేడుసార్లు వచ్చాడని లెక్క చెబుతారు. దాదాపు వచ్చిన ప్రతిసారీ గెలిచి, దోచుకునే పోయాడు. 1001లో పెషావరు దగ్గర జయపాలుణ్ణి ఓడించాడు. సోమనాథ్ మీదికి వచ్చింది 1025-26లో. ఇన్నిసార్లు రావడానికి కారణం ఓటమి కాదు, గెలుపు. సొమ్ము దొరికిన ఇంటికి దొంగ మళ్లీ వస్తాడు. ఆయన నిజంగా ఓడింది కశ్మీరు దారిలో లోహ్‌కోట దగ్గర, 1015లో ఒకసారి, 1021లో ఇంకోసారి. మంచుకూ కోటకూ తట్టుకోలేక వెనుదిరిగాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అంటే మనం పట్టుదలకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ మనిషి ఓడినచోట రెండుసార్లతో సరిపెట్టుకున్నాడు.

ఓడి గెలిచింది ఘోరీ. 1191లో తరాయిన్ దగ్గర ఓడాడు, మరుసటి ఏడు అక్కడే గెలిచాడు. అదీ రెండోసారే. పృథ్వీరాజు అతన్ని ఎన్నోసార్లు పట్టుకుని వదిలేశాడని చారణుల కథల్లో ఉంది. ఆ ఎన్నోసార్లూ, ఈ పదిహేడుసార్లూ కలిసిపోయి మన గజనీ పుట్టి ఉంటాడు. ఇద్దరు సుల్తానులను కలిపి ఒక్కణ్ణి చేయడం పెద్ద వింత కాదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు సాయిబులను వేరువేరుగా గుర్తుపెట్టుకోని ఊళ్లున్నాయి.

మా నానీ ఇంకో కథ చెప్పేది. తైమూరు యుద్ధంలో ఓడి పాడుగోడ చాటున దాక్కున్నాడట. ఒక చీమ గింజను మోసుకుంటూ గోడ ఎక్కుతోంది. పడుతోంది, ఎక్కుతోంది, మళ్లీ పడుతోంది. డెబ్బయ్యోసారికి ఎక్కేసింది. తైమూరుకు ధైర్యం వచ్చింది. బడికి పోయాక ఇంగ్లీషు వాచకంలో అదే కథ కనిపించింది. అక్కడ తైమూరు లేడు, రాబర్ట్ బ్రూస్ ఉన్నాడు, చీమకు బదులు సాలెపురుగు. రాజుల సంగతి రాజులకు వదిలేద్దాం. ఈ కథలు విన్నప్పుడల్లా మా చూపు చీమ మీదికే పోతుంది. చీమ ఎంత ఎత్తునుంచి పడ్డా దానికి దెబ్బ తగలదు. కాలు విరగదు. అప్పు మిగలదు. పెళ్లాం మెడ బోసిపోదు. అందుకని అది డెబ్బైసార్లు ఎక్కగలిగింది. కథ చెప్పేవాళ్లు ఈ ఒక్క ముక్కా చెప్పరు.

మనుషులు పడితే ఎట్లా ఉంటుందో కనిగిరి చేలల్లో చూడాలి. మా వైపు కింద రాయి. ఆ రాతి పగుళ్లలో నీళ్లుంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. మా మామూ ఒకాయన నాలుగు బోర్లు వేశాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగినాయన మొదటి పాయింటు పెట్టాడు. బోరు బండి రాత్రంతా మోగింది. తెల్లారి చూస్తే కందిచేను మీద బూడిదరంగు దుమ్ము పరుచుకుని ఉంది. రెండోది ఈశాన్యం మూల వేశాడు. మూడోది అదే మూల, పది గజాల అవతల. "ఔర్ ఏక్ బార్ దేఖెంగే" అన్నాడు మామీతో. మామీ మెడలోని నల్లపూసల లచ్చా బ్యాంకుకు పోయింది. నాలుగో బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి. ఊరంతా ఆయన్ని పట్టుదలగల మనిషి అంది. నాలుగోదీ పోయుంటే అదే ఊరు బుద్ధిలేని మనిషి అనేది. రెండింటిలోనూ మనిషి ఒకడే, చేసిన పని ఒకటే. తేడా అంతా కంటికి కనపడని ఆ పగులులో ఉంది. అయినా మెప్పూ నిందా మనిషికే అంటగడతాం.

లెక్క వేసి చూద్దాం. పదిసార్లలో ఒకసారి మాత్రమే అయ్యే పని ఒకటుందనుకోండి. పదిసార్లు ప్రయత్నిస్తే కనీసం ఒకసారి తగిలే అవకాశం నూటికి 65. ఇరవై రెండుసార్లు ప్రయత్నిస్తే నూటికి 90. నూటికొక్కసారి అయ్యే పని కూడా వందసార్లు చేస్తే నూటికి 63 పాళ్లు అయ్యేటట్టే ఉంటుంది. ఇందులో మాయ లేదు, అదృష్టం మీద ఆధారపడిన పనులను సంఖ్య లొంగదీస్తుంది. కానీ ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. పాచిక ప్రతిసారీ కొత్తగా పడాలి. ఓడిన రాతిలోనే పది గజాల అవతల తవ్వితే అది కొత్త ప్రయత్నం కాదు, పాత ఓటమికి నకలు. ఇక రెండోది, ఇరవై రెండోసారి దాకా మనిషి ఆటలో మిగిలి ఉండాలి. మూడోసారికే చేను తాకట్టు పడితే మిగతా పంతొమ్మిది ఎక్కడ ఆడతాడు? పైగా పదిసార్లు ఆడిన నూరుమందిలో 35 మందికి ఏమీ దక్కదని కూడా ఆ లెక్కే చెబుతోంది. ఆ ముప్పైఐదు మందిని సన్మానసభలకు పిలవరు. పిలిస్తే వాళ్లు చెప్పేది వేరేగా ఉంటుంది.

కనిగిరికి ఇంకో చిక్కుంది. ఇక్కడ నీళ్లు పడటమే గెలుపు కాదు. 1970 దాకా ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ నెల్లూరు జిల్లా పల్లెల్లోనే ఫ్లోరైడు జబ్బును వైద్యులు గుర్తుపట్టి 1937లో రాశారు. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుని నడుములు వంగుతాయి. చాలాచోట్ల బోరు లోతుకు పోయేకొద్దీ అది పెరుగుతుంది. అందరికన్నా ఎక్కువసార్లు, అందరికన్నా లోతుగా ప్రయత్నించినవాడికి చివరికి దొరికేది నడుం వంచే నీళ్లు కావచ్చు. దానికి మందు కృష్ణా జలాలన్నారు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేస్తే, మధ్యలో ఇంకో శంకుస్థాపన కూడా అయి, రెండు సొరంగాలూ తవ్వడం ముగిసేసరికి 2024 వచ్చింది. ప్రభుత్వాలు ఎన్నిసార్లు తప్పినా వాటిని ఎవరూ గజనీ అనరు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాం. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం అన్న అంకెలు అందరికీ కంఠతా వచ్చాయి. వాటిని మావాళ్లు వివక్షకు రుజువుగా చూపారు, అవతలివాళ్లు మా చేతకానితనానికి రుజువుగా చూపారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఇద్దరూ పట్టించుకోలేదు. 2003, 2004 సంవత్సరాల్లో సివిల్స్ రాతపరీక్షకు కూర్చున్నవాళ్లలో ముస్లింలు 4.9 శాతమే. 2001 జనాభాలో మా పాలు 13.4. కూర్చున్నవాళ్లలో గట్టెక్కిన నిష్పత్తి మాత్రం మిగతావాళ్లతో ఇంచుమించు సమానం. అంటే ఈ పరీక్షలో మేం ఓడింది పరీక్ష హాల్లో కాదు. హాలు దాకా వచ్చిందే తక్కువమంది.

ఎందుకు రాలేదంటే, మీవాళ్లకు చదువు మీద ధ్యాస ఉండదండీ అని సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ మాట అనేవాళ్లు ఒకసారి మా బస్టాండు చుట్టూ తిరిగి చూస్తే బాగుంటుంది. మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను, పండ్ల బండి, కోళ్ల అంగడి. ఆ ఇంట్లో ఒక కుర్రాడు ఇరవై ఒకటో ఏట పుస్తకం పట్టుకుని ముప్పయ్యో ఏడు దాకా కూర్చోవాలంటే ఆ తొమ్మిదేళ్లూ బువ్వ ఎవరు పెట్టాలి? చెల్లెలి పెళ్లి ఎవరు చెయ్యాలి? ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసు. సివిల్స్ నిబంధనల్లో 2014 నుంచి జనరల్ వాళ్లకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు తొమ్మిది, ఎస్సీ ఎస్టీలకు వయసున్నంత కాలం ఎన్నైనా. ఎన్నిసార్లు తప్పొచ్చు అన్నది కూడా భూమిలా, నీళ్లలా పంచిపెట్టవలసిన ఆస్తేనని ఆ నిబంధన ఒప్పుకుంటోంది. మాకిది చాలా గొప్ప ఒప్పుకోలుగా కనిపిస్తుంది. కాకపోతే కాగితం మీద తొమ్మిదిసార్లున్నా ఇంట్లో రెండుసార్లకే బియ్యముంటే, మిగతా ఏడూ కాగితం మీదే ఉండిపోతాయి.

తెలుగు నేల మీద ముస్లింల కోసం మళ్లీ మళ్లీ చేసిన ప్రయత్నంతో నిలబడినది ఒకటుంది. 2004లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ అని జీవో వస్తే అదే ఏడు హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం తెస్తే అదీ పోయింది. 2007లో మూడోసారి, మొత్తం ముస్లింలు అనకుండా, వెనుకబడిన సమూహాలను పేరుపేరునా ఎంచి, సయ్యద్, మొగల్, పఠాన్ వంటివాళ్లను బయటపెట్టి, శాతాన్ని నాలుగుకు తగ్గించి బీసీ-ఇ అన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు సాగింది. ఆ సీట్లలో చదివిన పిల్లలు ఇవాళ ఆసుపత్రుల్లో, ఇంజనీరింగ్ ఆఫీసుల్లో ఉన్నారు.

మూడోసారికి నిలబడటానికి మూడు అనే అంకె కారణం కాదు. మొదటి రెండుసార్లూ 'ముస్లిం' అని అడిగారు. మూడోసారి 'ఏ ముస్లిం' అని అడిగారు. బోరు వేరే పగులు మీద పడింది. ఆ ప్రశ్న మాలో చాలామందికి నచ్చలేదు. షేకులు లోపల, సయ్యదులు బయట అంటే మసీదులో ఒకే వరుసలో నిలబడేవాళ్లను విడదీస్తున్నారన్నారు. వరుస ఒకటే గానీ పెళ్లిసంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఆ వరుస ఏమవుతుందో అందరికీ తెలుసు. దూదేకులవాళ్లు ఎప్పటినుంచో బీసీ-బిలో ఉన్నారు. వాళ్లను మేం ఎంతవరకు మావాళ్లనుకున్నాం? కోర్టులో రెండుసార్లు ఓడితే తప్ప మేం మా ఇంట్లోకి తొంగిచూసుకోలేదు. ఓటమి ఏమన్నా నేర్పిందంటే అదొకటి నేర్పింది.

అయితే ఒక పరీక్ష ఉంది. దాన్ని ఎన్నిసార్లు రాసినా లెక్కలోకి రాదు. ఈ దేశం మాదేనని చూపించుకునే పరీక్ష. క్రికెట్ మ్యాచి రోజు టీకొట్టు దగ్గర రాయాలి. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు ఆఫీసులో రాయాలి. అద్దె ఇంటికి పోయినప్పుడు పేరు చెప్పాక వచ్చే నిశ్శబ్దంలో రాయాలి. పత్రికల్లో పనిచేసేవాళ్లం గనక ముస్లిం పెద్దల ఖండన ప్రకటనలు ఉర్దూ నుంచి తెలుగులోకి ఎన్నోసార్లు మేమే మార్చాం. కొన్నాళ్లకు మార్చే పని కూడా తగ్గింది. ఊరి పేరూ తేదీ మారిస్తే సరిపోయేది. ఆ పరీక్షలో పాసైనవాడికి మార్కుల కాగితం ఇవ్వరు. మర్నాడు మళ్లీ మొదటి పేజీ.

పైన వేసిన లెక్క ఇక్కడ పనిచెయ్యదు. ఎందుకంటే ఇక్కడ మా గెలుపు ఒక్కడిది, ఓటమి అందరిదీ. అబ్దుల్ కలాం రాష్ట్రపతి అయితే అది ఆయన గొప్ప. ఎవడో దుర్మార్గుడు తుపాకీ పట్టుకుంటే అది మా గుణం. పక్కింటి కుర్రాడు పరీక్ష తప్పితే వాడొక్కడే తప్పాడు, మా కుర్రాడు తప్పితే సాయిబులు చదవరు. ఒక్కడి ఓటమి ఊరందరి ఖాతాలో పడుతుంటే ధైర్యంగా ఓడిపోగలిగేదెవరు? అందుకే మా ఇళ్లలో పిల్లలకు ప్రయత్నించు అని తక్కువ చెబుతాం, జాగ్రత్త అని ఎక్కువ చెబుతాం. సెక్యులర్ మిత్రులు మాలో గెలిచినవాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతున్నారు. సంతోషమే. మాకు అంతకన్నా అవసరం, అందరిలాగే మామూలుగా తప్పి, మామూలుగా మళ్లీ ఫీజు కట్టుకోవడం.

తప్పంతా అవతలివాళ్లదేనని మా మాట కాదు. సబర్ అన్న మాటను మేం చాలా పాడు చేసుకున్నాం. చేతులు ముడుచుకుని కూర్చోవడం సబర్, జరిగిందంతా తఖ్దీర్. ఇట్లా చెప్పే పెద్దలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లే హజ్‌కు పోయి సయీ చేసి వస్తారు. సయీ అంటే సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడవడం. బీబీ హాజరా పసిబిడ్డ ఇస్మాయీల్‌ను ఎడారిలో పడుకోబెట్టి నీళ్ల కోసం ఏడుసార్లు పరుగెత్తిందానికి గుర్తు. సయీ అన్న అరబీ మాటకు పరుగు, ప్రయత్నం రెండర్థాలూ ఉన్నాయి. ఉర్దూలో 'సయీ-ఎ-లాహాసిల్' అంటే ఫలం దక్కని ప్రయత్నం. నిజానికి ఆ తల్లి ఏడు పరుగులూ అట్లాంటివే. ఏడింటిలో ఒక్కసారి కూడా గుట్టల మీద నీళ్లు కనిపించలేదు. జమ్‌జమ్ పుట్టింది ఆమె వెతకనిచోట, బిడ్డ దగ్గర. మేం దాన్ని అల్లా దయ అంటాం. నమ్మనివాళ్లు వేరే పేరు పెట్టుకోవచ్చు. కానీ రాజులూ నవాబులూ కూడా అక్కడికి పోయి తిరిగేది ఆ ఫలం దక్కని పరుగులనే.

మాకు అందులో మనసు ఆగే చోటు ఇంకొకటుంది. ఆ ఎడారిలో చూసేవాళ్లు లేరు. ఇన్నిసార్లా అని నవ్వేవాళ్లు లేరు. ఒక బానిస స్త్రీ పరుగు మీద ఏ కులం పరువూ, ఏ మతం పరువూ ఆధారపడి లేదు. దాహం ఒక్కటే ఉంది.

నీళ్ల కోసమే పడ్డ ఇంకో పాటు తెలుగువాళ్ల నోట్లో ఉంది, భగీరథ ప్రయత్నం అని. గెలిచాక అందరూ భగీరథులే, గెలిచేదాకా గజనీలు. ఆ కథలో భగీరథుడికి ముందు సగరుడు, అంశుమంతుడు, దిలీపుడు తప్పారు. తాత ముత్తాతలు తప్పినా మనవడిని మళ్లీ పంపగలిగిన ఇల్లది. రాజుల ఇల్లు.

మా ఆపా కూతురు బీఈడీ చేసి 2018 డీఎస్సీ రాసింది. పోయింది. మళ్లీ డీఎస్సీ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. ప్రయత్నాలు మనం లెక్కపెట్టుకుంటాం గానీ ఆట ఎప్పుడు పెట్టాలో తేల్చేది వేరేవాళ్లు. 1998 డీఎస్సీలో అర్హత వచ్చి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ల ఫైలు మీద 2022లో సంతకం పడింది. కొందరికి అప్పటికే జుట్టు నెరిసిపోయింది. మా పిల్ల ఆ ఏడేళ్లూ ప్రైవేటు బడిలో చెప్పింది. 2025లో కొద్ది మార్కుల్లో తప్పిపోయింది. డీఎస్సీలో టెట్ మార్కులకు ఇరవై శాతం విలువ ఉంది కాబట్టి టెట్ మళ్లీ రాసి ఆ మార్కులు పెంచుకుంటానంటోంది. అవనిగడ్డ కోచింగుకు పోయి నాలుగు నెలలు అక్కడే ఉండి చదువుతానంటోంది.

డబ్బుకు ఇంట్లో ఉన్న దారి ఒకటే. బక్రీదుకని పెంచిన పొట్టేలు. ఖుర్బానీ శక్తి ఉన్నవాళ్లకే గదా అని ఆపా అంటుంది. ఈ ఏడు మానేస్తే వీధిలో ఏమనుకుంటారని దూల్హాభాయి అంటాడు. పిల్ల ఏమీ అనడం లేదు. పత్రికల్లో రాసేవాళ్లు, మీకు తెలిసి ఉంటుంది, మీరే చెప్పండని మమ్మల్ని అడిగారు. ఆలోచించి చెబుతామన్నాం. మేం వచ్చేసేటప్పుడు పొట్టేలు వాకిట్లో వేపరొట్ట తింటోంది.